రెండు ఫ్యూజుల కారులో నాలుగు స్పీకర్లు

మా నాన్న కారు 1963 మోడల్ మోరిస్ మైనర్ 1000. బానెట్ ఎత్తి చూస్తే కారు మొత్తానికి ఉన్నవి రెండే ఫ్యూజులు. హెడ్‌లైట్లకి ఆ భాగ్యం కూడా లేదు, వాటికి వైరు నేరుగా వెళ్లిపోతుంది. అలాంటి కారులో బ్లూటూత్, నాలుగు స్పీకర్లు పెడదామని నాకు ఎందుకు అనిపించిందంటే, కారులో ఉన్న రేడియో వల్ల. అది కారు కంటే కూడా పాతది, ట్రాన్సిస్టర్లకి ముందు కాలపు గాజు వాల్వుల రేడియో. స్విచ్ తిప్పాక వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. తర్వాత లోపల, వాల్వులకి కావాల్సిన ఎక్కువ వోల్టేజి కోసం పెట్టిన వైబ్రేటర్ తేనెటీగలా జుమ్మంటుంది. ఆ జుమ్ముమనే శబ్దం వెనకాల ఎక్కడో మీడియం వేవ్ స్టేషను వినిపించీ వినిపించనట్టు ఉంటుంది. నాన్నకి అదే సంగీతం.

"ఒరే, పాటలు పెట్టుకుంటే పెట్టుకో. ఆ రేడియో జోలికి మాత్రం వెళ్లకు. డాష్‌బోర్డుకి రంపం పెట్టావంటే కారు తాళం మళ్లీ నీ చేతికి రాదు" అన్నాడు.

నాకూ కోసే ఉద్దేశం లేదు. పాత కార్లలో నేను చూసిన ఘోరాలన్నీ అక్కడే జరుగుతాయి. ఈ కాలపు స్టీరియోకి 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు సందు కావాలి. పాత రేడియోకి అంత సందు ఉండదు, రెండు మీటలకి రెండు బెజ్జాలు, మధ్యలో డయల్ కోసం చిన్న కిటికీ, అంతే. ఎవరో ఒకరు వచ్చి కట్టర్ పెట్టి నలుచదరంగా కోసేస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ స్టీరియో ఎటూ పనికిరాదు, కోసిన రేకు మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకని రేకుకి ఒక్క కొత్త బెజ్జం కూడా పెట్టకూడదని ముందే అనుకున్నాను. ఏది బిగించినా పాత బోల్టులకే, పాత కన్నాలకే. రేపు ఎవరైనా అన్నీ పీకేస్తే కారు 1963లోకి వెళ్లిపోవాలి.

అలా చూస్తే స్టీరియో అక్కర్లేదనిపించింది. బ్లూటూత్ లోపలే ఉన్న నాలుగు చానెళ్ల ఆంప్లిఫయర్లు దొరుకుతాయి, అరచేతి కంటే కాస్త పెద్దవి. దాన్ని సీటు కింద దాచేస్తే బయటికి కనిపించేది ఒక చిన్న వాల్యూమ్ మీట. అది గ్లవ్ బాక్సులో. పాత రేడియోని పీకి లోపల కొత్త బోర్డు పెట్టి పాత మీటలతోనే నడిపించేవాళ్లు కూడా ఉన్నారు. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, పనిచేసే వాల్వు రేడియో పొట్ట చీల్చడానికి నాకు మనసొప్పలేదు. చచ్చిపోయిన రేడియో అయితే అది వేరే సంగతి.

ఆంప్లిఫయరూ స్పీకర్లూ కొనేశాను. అసలు తలనొప్పి ఏమిటో అప్పుడు తెలిసింది. ఆంప్లిఫయర్ పుస్తకంలో మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంది: 12 వోల్టులు, నెగెటివ్ ఎర్త్ మాత్రమే. మా కారు పాజిటివ్ ఎర్త్. అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది, వైర్లలో పారేది నెగెటివ్. ఆ కాలపు ఇంగ్లండు కార్లలో చాలావాటికి ఇదే పద్ధతి. కొత్త ఆంప్లిఫయర్‌ని అలాగే తగిలిస్తే పాట రాదు, పొగ వస్తుంది.

పాత కార్లు తెలిసిన ఒక స్నేహితుడు సులువు మార్గం చెప్పాడు. ఆంప్లిఫయర్ బాడీ ఎక్కడా కారు రేకుకి తగలకుండా చెక్క మీద బిగించి, వైర్లు అటూ ఇటూ మార్చేస్తే చాలన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఎప్పుడో ఒకరోజు స్పీకర్ వైరు ఒరుసుకుని రేకుకి తగులుతుంది, లేదా ఫోన్ చార్జింగ్ కేబుల్ కొస జారి సీటు పట్టీ మీద పడుతుంది. ఆ క్షణంలో బ్యాటరీ మొత్తం షార్టు. ఆ టెన్షన్ పెట్టుకుని పాటలు వినలేననిపించింది. కారు మొత్తాన్నే నెగెటివ్ ఎర్త్‌కి మార్చేద్దామని నిర్ణయించుకున్నాను.

ఆ మాట చెప్పగానే అందరూ భయపెట్టారు గానీ, ఈ వయసు కారులో అది ఒక పూట పని. మాకు ఎప్పటినుంచో వైరింగు చూసే ముసలి మేస్త్రీ పక్కన కూర్చుని చెప్తుంటే నేనే చేశాను. ముందు బ్యాటరీ విప్పి, తిప్పి పెట్టాం. ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. బ్యాటరీ పాజిటివ్ కొమ్ము నెగెటివ్ దానికంటే కాస్త లావుగా ఉంటుంది, అందుకని పాత క్లాంపులు ఒకటి దూరదు, ఒకటి వదులవుతుంది. రెండూ కొత్తవి వేశాం. ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ మీద సన్న వైర్లు రెండూ ఒకదాని స్థానంలో ఒకటి మార్చాం. మార్చకపోయినా ఇంజను తిరుగుతుందట, కానీ ప్లగ్గులో నిప్పురవ్వ తప్పుడు దిక్కున దూకాల్సి వస్తుంది, దానికి ఎక్కువ వోల్టేజి కావాలి. చలి పొద్దున స్టార్ట్ కాకుండా ఏడిపిస్తుంది. పాత రేడియో వెనక్కి తిప్పి చూస్తే, ప్లస్సుకి మైనస్సుకి మార్చుకునే చిన్న ప్లగ్ వాళ్లే పెట్టి ఉంచారు. దాన్ని పీకి, తిప్పి గుచ్చాను.

మిగిలింది డైనమో, ఇంజనుతో పాటు తిరుగుతూ కారుకి కరెంటు పుట్టించేది. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన ఘట్టం అదే. డైనమో లోపలి ఇనుములో కొంచెం అయస్కాంతం ఎప్పుడూ మిగిలి ఉంటుంది, దాని దిక్కుని బట్టే కరెంటు పుట్టే దిక్కు. కాబట్టి ఆ అయస్కాంతాన్ని తిరగరాయాలి. డైనమో మీద రెండు టెర్మినళ్లు, పెద్దది డి, చిన్నది ఎఫ్. ఎఫ్ వైరు తీసేసి, బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్ మీద అలా ముట్టించి తీయమన్నాడు మేస్త్రీ. ముట్టించాను. నీలంగా చిన్న మెరుపు, చిటుక్కుమని శబ్దం. ఇంకో రెండుసార్లు.

"అంతేనా మేస్త్రీ?"

"అంతే బాబూ. ఇప్పుడు దానికి ప్లస్సేదో మైనస్సేదో కొత్తగా నేర్పావు."

స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డులో ఎర్ర బల్బు వెలిగి, యాక్సిలరేటర్ తొక్కగానే ఆరిపోయింది. చార్జింగ్ వస్తోందన్నమాట. హీటర్ ఫ్యాను మాత్రం వెనక్కి తిరగడం మొదలుపెట్టింది, దాని వైర్లు కూడా మార్చాక దారిలోకి వచ్చింది.

తర్వాత లెక్కలు. నిజానికి ఇవి కొనకముందే వేసుకోవాల్సింది, నేను కొన్నాక వేశాను. మా డైనమో అంతా కలిపి ఇవ్వగలిగేది 22 ఆంపియర్లు, అదీ ఇంజను వేగంగా తిరుగుతున్నప్పుడు. బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే ఇచ్చేది దాదాపు సున్నా. ఇక ఖర్చు చూస్తే, హెడ్‌లైట్లు రెండూ కలిపి ఏడెనిమిది ఆంపియర్లు, కాయిల్ మూడు నాలుగు, చిన్న బల్బులన్నీ రెండు, వైపరు, హీటర్ ఫ్యాను చెరో మూడు. వాన కురిసే రాత్రి ఇవన్నీ నడుస్తుంటే మిగిలేది రెండు నుంచి నాలుగు ఆంపియర్లు. నేను కొన్న ఆంప్లిఫయర్ చానెల్‌కి 45 వాట్ల చొప్పున నాలుగు చానెళ్లు, 180 వాట్లు. దానిలో వృథా పోయేది కూడా కలిపితే పూర్తి వాల్యూములో 17 ఆంపియర్ల దాకా లాగుతుంది. అదృష్టం ఏమిటంటే పాట అనేది ఎప్పుడూ పూర్తి వాట్లతో నడవదు. డప్పు మీద దెబ్బ పడ్డ క్షణం ఎక్కువ, మిగతా సేపు కొంచెమే. మామూలుగా వినే వాల్యూముకి సగటున మూడు నాలుగు ఆంపియర్లతో సరిపోతుంది. డైనమో బదులు ఈ కాలపు కార్లలో ఉండే, ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టించుకోమని చాలామంది అన్నారు, అచ్చం డైనమో ఆకారంలోనే ఉండేవి కూడా వస్తున్నాయి. అది సరైన సలహానే. కానీ ఇప్పుడే నీలం మెరుపుతో పాఠం చెప్పిన డైనమోని పీకేయడానికి చెయ్యి రాలేదు. వాల్యూము తగ్గించుకుందాంలే అనుకున్నాను. ఒక ఫారడ్ కెపాసిటర్ పెట్టమన్నవాళ్లూ ఉన్నారు. కెపాసిటర్ కరెంటుని పుట్టించదు, ఉన్నదాన్ని క్షణం సేపు దాచుకుని తిరిగి ఇస్తుంది. సంపాదనే లేనప్పుడు కొత్త గల్లాపెట్టె కొని ఏం లాభం?

ఆంప్లిఫయర్‌కి పాత వైరింగు నుంచి కరెంటు తీసుకోకూడదు. ఆ గుడ్డ చుట్టిన వైర్లకి, ఆ రెండు ఫ్యూజులకి ఉన్న బరువు చాలు. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి కేబుల్ వెయ్యాలి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాలి. కేబుల్ దారిలో ఎక్కడ రేకుకి ఒరుసుకున్నా ముందు ఆ ఫ్యూజు పోవాలి, కారు కాదు. నేను 30 ఆంపియర్లది వేశాను. కేబుల్ విషయంలో మోసపోయాను కూడా. రాగి అని చెప్పి అమ్మిన కేబుల్ కొసని లగ్గులో, అంటే బోల్టుకి బిగించే లోహపు బిళ్లలో పెట్టి నొక్కుతుంటే తీగలు పుటుక్కున తెగాయి. అనుమానమొచ్చి ఒక తీగని బ్లేడుతో గీరాను. పైన రాగి రంగు పోయి లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం తీగకి రాగి పూత. అదే లావుకి రాగి కంటే తక్కువ కరెంటు మోస్తుంది, తేమ తగిలితే కొసల దగ్గర బూజు పట్టినట్టు తెల్లగా పొడి రాలుతుంది. దాన్ని పక్కన పడేసి అసలైన రాగిది తెచ్చాను. కొనేటప్పుడే ఒక తీగ గీరి చూసుంటే ఆ తిప్పలు తప్పేవి.

కేబుల్ లోపలికి రావడానికి బల్క్‌హెడ్‌లో, అంటే ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉన్న రేకు గోడలో, హీటరు గొట్టాల పక్కన వాడని బెజ్జం ఒకటి దొరికింది. కేబుల్ రేకుకి ఒరుసుకోకుండా కొత్త రబ్బరు గ్రోమెట్ (రింగు) పెట్టి దూర్చాను. ఎర్త్ కోసం సీటు బోల్టు కింద ఎమరీ కాగితంతో రంగు గీకి, రేకు తళతళలాడాక లగ్గు బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాను. ఆంప్లిఫయర్‌ని ప్లైవుడ్ చెక్క మీద, ఆ చెక్కని సీటు బోల్టులకి.

స్పీకర్ల సంగతికొస్తే, తలుపుల్లో పెట్టే ప్రశ్నే లేదు. రేకు కోయాలి. ముందు రెండు 13 సెంటీమీటర్ల స్పీకర్లని కాళ్ల దగ్గర, బాడీ పక్క గోడలకి ఆనుకునేలా చిన్న పెట్టెల్లో పెట్టాను. ముందు అట్టతో నమూనా కత్తిరించుకుని, అది సరిపోయాక ప్లైవుడ్. క్లచ్ తొక్కే కాలు తగలకూడదు కదా, అట్ట నమూనాతో కూర్చుని వందసార్లు తొక్కి చూశాను. వెనక రెండు పెట్టెలు షెల్ఫ్ మీద పట్టీలతో గట్టిగా కట్టి. సడన్ బ్రేకు వేస్తే అవి వచ్చి మెడ మీద పడకూడదు.

పెట్టె ఎందుకు, ఊరికే స్పీకరు పెడితే ఏం అని నాన్న అడిగాడు. చెప్పడం కంటే చూపించడం మేలని, విడి స్పీకర్‌ని చేత్తో పట్టుకుని పాట పెట్టాను. తగరపు డబ్బాలో ఎవరో మాట్లాడినట్టు ఉంది. అదే స్పీకర్‌ని ప్లైవుడ్ పెట్టె కన్నం మీద అదిమి పట్టాను. ఉన్నట్టుండి తబలాకి పొట్ట వచ్చింది. స్పీకరు కోన్ ముందుకు తోసే గాలి, వెనక నుంచి లాగే గాలి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మంద్ర స్వరాలు ముందు పోతాయి. మధ్యలో గోడ కడితే ఆగుతుంది. నాన్న తల ఊపి, "మరి ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు, నేనేదో దాచిపెట్టినట్టు.

తలుపులకి స్పీకర్లు లేకపోయినా, లోపలి అట్ట విప్పి రేకుకి మోత తగ్గించే జిగురు బ్యుటైల్ షీట్లు అంటించాను. వేలి కణుపుతో తలుపు మీద కొడితే ముందు ఖంగుమనేది, అంటించాక దబ్ అంటోంది. రేకంతా కప్పాల్సిన పని లేదు, మధ్యలో నాలుగో వంతు కప్పినా మోత చాలావరకు తగ్గిపోతుంది. నేను ఉత్సాహంలో అడుగు దాకా అంటించబోయి, సరిగ్గా సమయానికి తలుపు కింద ఉన్న సన్న సందులు చూశాను. అద్దం మీద పడ్డ వాననీళ్లు కారి బయటికి పోయేది వాటిలోంచే. అవి మూసుంటే రెండు వానాకాలాల్లో తలుపు కింద అంచు తుప్పుకి రాలిపోయేది.

అన్నీ కలిపి మొదటి పాట పెట్టిన రోజు గొప్పగా ఏమీ లేదు. గొంతు ఉంది, బేస్ లేదు. గాయకుడు ఎదురుగా కాకుండా రెండు చెవుల్లోంచి ఒకేసారి అరుస్తున్నట్టు ఉంది. ఒక పెన్సిల్ సెల్ తీసుకుని ఒక్కో స్పీకర్ వైర్లకి క్షణం సేపు ముట్టించి చూశాను. పాజిటివ్ వైరు పాజిటివ్‌కి తగిలితే కోన్ బయటికి రావాలి. మూడు బయటికొచ్చాయి, ముందు ఎడమది లోపలికి పోయింది. వైర్లు తారుమారు. కారు మొత్తానికీ ప్లస్సూ మైనస్సూ మార్చే పని చేసినవాడిని, చివర్లో నేనే తారుమారు చేశాను. సరిచేశాక గొంతు డాష్‌బోర్డు మధ్యకి వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత వారం అంతా శబ్దాల వేట. మొదటిది ఇంజను వేగంతో పాటు పెరిగే సన్నని కూత. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, అదే సమయంలో చార్జింగ్ పెడితేనే వస్తోంది. చార్జర్ పీకితే మాయం. చార్జర్ ఎర్త్ ఒక దారిలో, ఆడియో కేబుల్ ఎర్త్ ఇంకో దారిలో వెళ్లి మధ్యలో లూపు కడుతున్నాయి. బ్లూటూత్‌లో వింటే ఆ గొడవే లేదు, కేబుల్ తీసేశాను. డైనమో డి టెర్మినల్‌కి ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా పెట్టాను. ఎఫ్‌కి మాత్రం పెట్టకూడదని మేస్త్రీ రెండుసార్లు హెచ్చరించాడు.

రెండోది అంతుపట్టలేదు. టక్, టక్, టక్. ఇంజను వేగంతో సంబంధం లేదు. ఇంజను ఆపి తాళం మాత్రం తిప్పినా వస్తోంది, మొదట గబగబా, తర్వాత మెల్లగా, తర్వాత ఎప్పుడో ఒకసారి. స్పీకరు పాడైందేమోనని మార్చి చూశాను. ఆంప్లిఫయర్‌ని అనుమానించాను. చివరికి పాట ఆపేసి నిశ్శబ్దంగా కూర్చుంటే అదే లయ బల్క్‌హెడ్ అవతల నుంచి కూడా వినిపించింది. పెట్రోలు పంపు! ఈ కారుకి కరెంటు పంపు. లోపల కాంటాక్టు పాయింట్లు కొట్టుకుంటూ ఉంటాయి, కార్బురేటర్ నిండేదాకా గబగబా, నిండాక తీరుబడిగా. కొట్టుకున్న ప్రతిసారీ పాయింట్ల దగ్గర చిన్న మెరుపు, ఆ మెరుపు నా స్పీకర్లలో టక్. ఈ శబ్దం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను, స్పీకర్లో వినేసరికి గుర్తుపట్టలేకపోయాను. కాలిపోయిన పాయింట్లు మార్చి, మెరుపుని మింగే డయోడు పెట్టాం. డయోడుకి ప్లస్సూ మైనస్సూ ఉంటాయి కాబట్టి కారు ఏ ఎర్తో చూసుకుని పెట్టాలి. పంపు వైరు పక్కనే కట్టిన నా వాల్యూమ్ మీట కేబుల్‌ని విప్పి రెండో వైపు నుంచి తెచ్చాను. టక్ పోయింది.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆంప్లిఫయర్‌ని ఆన్ చేసే సన్న వైరుని తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోట కాకుండా, ఎప్పుడూ కరెంటు ఉండే చోట కలిపాను. రెండు రోజులు కారు తీయలేదు. మూడో రోజు పొద్దున స్టార్టర్ ఒక్కసారి మూలిగి ఊరుకుంది. నాన్న ఒక్క మాట అనలేదు. డిక్కీలోంచి హ్యాండిల్ తీసి, బంపర్ కన్నంలో దూర్చి, ఒక్క తిప్పు తిప్పాడు. స్టార్టర్‌కి చాలకపోయినా కాయిల్‌కి సరిపడా కరెంటు మిగిలినట్టుంది, రెండో తిప్పుకి ఇంజను అందుకుంది. చేతులు దులుపుకుంటూ, "నా రేడియో ఎప్పుడూ ఇలా చెయ్యలేదు" అన్నాడు.

ఇప్పుడు ఎలా ఉందంటే, డెబ్బై ఎనభై కిలోమీటర్ల వేగం దాటితే ఇంజను హోరులో బేస్ వినపడదు, ఎంత ఖర్చుపెట్టినా వినపడదు. అందుకే బేస్ కోసమే పెట్టే పెద్ద స్పీకరు, సబ్‌వూఫర్ ఆలోచన మానుకున్నాను. 80 హెర్ట్జ్ కింద ఉన్న బాగా లోతైన శబ్దాన్ని చిన్న స్పీకర్లకి పంపకుండా ఫిల్టరు పెడితే గొంతు తేటపడింది, డైనమోకి కూడా కాస్త ఊపిరాడింది. నలభై యాభై వేగంలో పాత మోనో పాటలు మాత్రం ఎంత హాయిగా ఉంటాయో. ఇదంతా మన కాలం పిచ్చి అనుకుంటాం గానీ, 1956లోనే క్రిస్లర్ వాళ్లు కార్లలో గ్రామఫోను పెట్టి అమ్మారు. నిమిషానికి పదహారున్నర కంటే కాస్త ఎక్కువ చుట్లు తిరిగే ప్రత్యేకమైన రికార్డులతో! నా టక్ టక్ వేట సమయంలో, గతుకుల రోడ్డు మీద ముల్లు ఎగిరిపడే ఆ మనుషుల అవస్థ తలచుకుని ఊరట పొందేవాణ్ణి.

మొన్న రాత్రి నాన్నని ఎక్కించుకుని వస్తున్నాను. హెడ్‌లైట్లు వేసి ఉన్నాయి, పాట నడుస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజను నెమ్మదించి, డాష్‌బోర్డులో ఎర్ర బల్బు మెల్లగా వెలిగింది. నేను చెప్పకముందే నాన్న గ్లవ్ బాక్సులోకి చెయ్యి పెట్టి మీట వెనక్కి తిప్పాడు. పచ్చ లైటు పడింది. బల్బు ఆరేదాకా ఆగి, మళ్లీ ముందుకు తిప్పాడు, ఇందాకటి కంటే కొంచెం ఎక్కువే.